చేతి గేరు, కాలి క్లచ్చి

నర్సీపట్నము నుండి కృష్ణదేవిపేటకు పోవు దారిలో నేడు మోటారు సైకిళ్లకు కొదువ లేదు. పాల కేనులేమి, అరటి గెలలేమి, ఎరువు బస్తాలేమి, బడిపిల్లలేమి, అన్నియు వానిమీదనే సాగిపోవుచున్నవి. ఇంతగా ఇంటివాడుకలోనికి వచ్చిన యంత్రమును గూర్చి రేడియోలో ప్రత్యేకముగా చెప్పుటకు ఏమున్నదని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. కర్మాగారమువారు ఇచ్చిన బండిని ఇచ్చినట్లు నడుపుటతో తృప్తి పడక, దానిని విప్పి, కొన్ని భాగములు కోసివేసి, కొన్నింటిని క్రొత్తగా చేయించి, తమ మనసునకు నచ్చిన రూపమున మరల కట్టుకొనెడు ముచ్చట ప్రపంచమంతట యువకులలో ఉన్నది. మన ప్రాంతములకును వచ్చినది. ఆ ముచ్చటలో మిక్కిలి సాహసముతో కూడినది ఒకటి కలదు. గేరును కాలినుండి తీసి చేతికి ఇచ్చుట, క్లచ్చిని చేతినుండి తీసి కాలికి ఇచ్చుట. నేటి మా ప్రసంగము దానిని గూర్చియే.

కృష్ణదేవిపేట పేరు వినగానే మనకు అల్లూరి సీతారామరాజు స్ఫురించుట సహజము. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై ఆయన దళము విరుచుకొనిపడెను. 1924 మే 7న ఆయన కొయ్యూరు ప్రాంతమున ప్రాణములు కోల్పోయెను. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉన్నది. ఆ తిరుగుబాటునకు గల కారణములలో దారిపని ఒకటి. నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటు దారి వేయించునపుడు, గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను గిరిజనులకు న్యాయమైన కూలి ఈయక వెట్టి చేయించెననునది చరిత్రకెక్కిన మాట. ఆ కాలమున గేర్లుగల మోటారు సైకిళ్లు దాదాపు అన్నియు చేతి గేరువే. అనగా ఆ కొండదారియు, మనము చెప్పుకొనబోవు యంత్రమును ఇంచుమించు ఒకే ఈడువి.

2022 ఏప్రిల్ 4 నుండి కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో చేరినది. కొయ్యూరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. జిల్లాలు వేరైనను దారి ఒక్కటే. ఈ ఊరు మైదానమునకును మన్యమునకును నడుమ గడపవంటిది. ఇచ్చటి మెకానిక్ షెడ్డులో విప్పి బిగించిన బండి ఏదైనను నేడు కాకున్న రేపైనను కొండ ఎక్కక తప్పదు. పట్టణమున చదునైన రోడ్డుమీద ప్రదర్శనకై నడుపు బండికి లేని పరీక్ష దీనికి కలదు. కావున మేము చెప్పబోవునదంతయు ఆ ఎక్కుడును దృష్టియందుంచుకొని చెప్పుచున్నాము.

యంత్రముతో పరిచయము లేని శ్రోతలకొరకు మొదట క్లచ్చి అననేమో చెప్పవలెను. ఇంజను ఒకసారి రాజుకొన్న తరువాత తిరుగుచునే యుండును. చక్రమో, మనము కోరినపుడు నిలువవలెను, కోరినపుడు కదలవలెను. తిరుగు ఇంజనును నిలిచిన చక్రముతో ఒక్కసారిగా కలిపినచో ఇంజను ఆగిపోవును, లేదా బండి ఎగిరి దుముకును. అందుచేత రెంటికిని నడుమ కొన్ని పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చి, స్ప్రింగులతో బిగించి యుంచుదురు. మన ఇండ్లలోని తిరుగలిని తలచుకొనుడు. పైరాతిని ఒక నూలుపోగంత పైకి లేపినచో అది తన పాటికి తాను తిరుగుచుండును, క్రిందిరాతితో దానికి పొత్తు ఉండదు. మెల్లగా దింపినచో మరల పట్టు కలుగును. క్లచ్చి నొక్కుట అనగా పైరాతిని లేపుట. విడుచుట అనగా దింపుట. ఈ దింపుటలోనే నేర్పంతయు ఉన్నది. గేరు సంగతి సులభముగనే తెలియును. మొదటి గేరున బలము హెచ్చు, వేగము తక్కువ. నాల్గవ గేరున వేగము హెచ్చు, బలము తక్కువ. మిట్టకు మొదటిది, చదునునకు చివరిది.

ఇప్పటి బండ్లలో ఎడమచేతి వ్రేళ్లు క్లచ్చిని, ఎడమపాదము గేరును, కుడిచేయి ఏక్సిలరేటరును ముందు బ్రేకును, కుడిపాదము వెనుక బ్రేకును చూచుకొనుచున్నవి. చేతి గేరు బండిలో ఎడమపాదము క్లచ్చిని త్రొక్కవలెను. చేయి హేండిలును విడిచి, టాంకి ప్రక్కనో ఆసనము క్రిందనో ఉన్న రాడ్డును కదపవలెను. వినుటకు ఇది వింతగా తోచును గాని, మన లారీ డ్రైవర్లందరును ప్రతిదినము చేయుచున్నది ఇదియే గదా! ఎడమకాలితో క్లచ్చి త్రొక్కి, ఎడమచేతితో గేరు రాడ్డు త్రోయుచున్నారు. ట్రాక్టరు నడుపు రైతును అంతే. ఎవరికిని ఇందులో కష్టము కనబడదు.

అయితే లారీ తన కాళ్లమీద తాను నిలుచును. మోటారు సైకిలు నిలువదు. ఆగినపుడెల్ల దానిని నిలుపవలసినది నడుపువాని పాదము. రెండు చక్రముల బండికి మనిషి పాదము మూడవ చక్రము. ఆ పాదమునకు క్లచ్చిని అప్పగించినచో, బండిని నిలుపు పని ఎవరు చేయవలెను? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము దొరకినదా లేదా అనుటనుబట్టియే ఇట్టి బండి మంచిదో చెడ్డదో తేలును. దాని మెరుగును, రంగును, చప్పుడును బట్టి కాదు.

చేతి గేరు మన ఇండ్లకు క్రొత్తది కాదను మాట పెద్దలు చెప్పగలరు. లాంబ్రెట్టా, వెస్పా, బజాజ్ చేతక్, హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్, ఇవన్నియు చేతి గేరు బండ్లే. పల్లెలలో పాలవారికిని కూరగాయలవారికిని ఎన్నో ఏండ్లు సేవ చేసిన ఎం-80 బండియు అట్టిదే. ఎడమ పిడిలో క్లచ్చిని వ్రేళ్లతో నొక్కి, ఆ పిడినే మణికట్టుతో త్రిప్పినచో గేరు పడెడిది. స్కూటరును రూపొందించినవారి బుద్ధికుశలత ఇచ్చటనే ఉన్నది. గేరును క్లచ్చిని ఒక్క చేతికే అప్పగించి, ఎడమపాదమునకు ఏ పనియు పెట్టక విడిచిరి. చీరకట్టుతో స్కూటరు నడిపిన ఆడువారికి ఈ సౌకర్యము విలువ బాగుగా తెలియును.

ఇక కాలి క్లచ్చి పుట్టుపూర్వోత్తరములు. బ్రిటిషువారును అమెరికనులును మొదటినుండియు వేరువేరు త్రోవలు పట్టిరి. 1915లో వచ్చిన ట్రయంఫ్ కంపెనీవారి మోడల్ హెచ్ అను బండి మొదటి ప్రపంచ యుద్ధమున పేరు పొందినది. దానికి గేరు రాడ్డు టాంకి ప్రక్కన ఉండెను గాని క్లచ్చి చేతిలోనే ఉండెను. అమెరికాలో ఇండియన్ కంపెనీవారును హార్లే డేవిడ్సన్ కంపెనీవారును క్లచ్చిని పాదమునకు ఇచ్చిరి. (ఇండియన్ అను పేరు మనలనుబట్టి వచ్చినది కాదు. అచ్చటి ఆదివాసులనుబట్టి వచ్చినది.) బరువైన పెద్ద ఇంజను, గట్టి స్ప్రింగులు, దూరాభారపు ప్రయాణములు. అట్టిచోట వ్రేళ్ల బలముకంటె కాలి బలమే మేలని వారు తలచియుందురు.

ఆ పాత హార్లే బండ్లలో ఒక ఏర్పాటును శ్రోతలు శ్రద్ధగా గమనింపవలెను. దానిలో క్లచ్చి పెడలు పాదము పొడవున ఉండి, త్రాసుకాడవలె రెండు వైపులకును ఊగును. మునివేళ్లతో నొక్కినచో క్లచ్చి పట్టుకొనును. మడమతో నొక్కినచో విడిపోవును. అంతకంటె ముఖ్యమైనది, ఏ వైపునకు నొక్కితిమో ఆ వైపుననే అది నిలిచిపోవును. ఇరుసు దగ్గర రాపిడి బిళ్లలు బిగించి యుండుటచేత దానంతట అది వెనుకకు రాదు. అందుచేత నడుపువాడు మడమతో నొక్కి, క్లచ్చిని విడదీసి, నిశ్చింతగా పాదము తీసి నేలపై మోపవచ్చును. బండి గేరులోనే ఉన్నను కదలదు.

గేరు రాడ్డు విషయమునను అట్టి ముందుచూపే కనబడును. టాంకి ప్రక్కన గాళ్లు కోసిన ఇనుప పట్టీ ఒకటి ఉండును. రాడ్డు ఏ గాడిలో ఉన్నదో కంటికి కనబడును, చేతికి తెలియును. రాడ్డు ఉన్నచోటే ఏ గేరో చెప్పుచుండును. ఏక్సిలరేటరు సంగతియు అంతే. నేటి బండ్లలో పిడి వదలగానే అది మూసుకొనును. నాటి హార్లే పిడి త్రిప్పినచోటనే నిలిచెడిది. నాటి బ్రిటిషు బండ్లలో పిడికి మారుగా చిన్న మీట ఉండి, అదియు ఉంచినచోటనే ఉండెడిది. కావుననే కుడిచేతిని హేండిలునుండి తీసి గేరు మార్చుట వారికి సాధ్యమయ్యెను. ఒంటిచేతితో పట్టినపుడు ముందుచక్రము అదరకుండుటకై హేండిలు మెడ దగ్గర బిగింపు మరను కూడ అమర్చెడివారు.

ఈ వివరములన్నియు ఎందుకు చెప్పుచున్నామనగా, ఆ పాత ఏర్పాటు ఒక్క రాడ్డుతోను ఒక్క పెడలుతోను అయినది కాదు. నిలిచిపోవు క్లచ్చి, గాళ్లపట్టీ, మూసుకొనని ఏక్సిలరేటరు, బిగింపు మర, ఇవి ఒకదానికొకటి ఆసరా. నేడు ముచ్చటపడి కట్టుచున్న బండ్లలో పెక్కింటికి రాడ్డును పెడలును మాత్రమే వచ్చుచున్నవి. మిగిలిన ఆసరాలు రాలేదు.

కాలము గడచుకొలదియు చేతి గేరు వెనుకబడినది. 1928, 29 ప్రాంతమున ఇంగ్లండులో వెలోసెట్ కంపెనీకి చెందిన హెరాల్డ్ విల్లిస్ పందెపు బండ్లకొరకు ఒక కాలి గేరును రూపొందించెను. ఒక్కొక్క తాపునకు ఒక్కొక్క గేరు పడి, మీట మరల నడుమకు వచ్చును. చేయి హేండిలును విడువనక్కరలేదు గనుక పందెములలో అది లాభమైనది. అనతికాలముననే తక్కిన కంపెనీలును అనుసరించెను. హార్లేవారు 1952లో కాలి గేరును, చేతి క్లచ్చిని తెచ్చిరి. 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో మన దేశపు ఎన్‌ఫీల్డ్ కర్మాగారము వెలసినపుడు, అందు తయారైన బుల్లెట్ బండికి గేరు కాలిదే. మన ఊళ్లలో ఈ మార్పులు చేయువారు ఎక్కువగా చేపట్టునది ఆ బుల్లెట్‌నే గనుక దాని సంగతి కొంచెము విపులముగా చెప్పెదము.

బుల్లెట్‌లు రెండు తరములవి. 2010 ప్రాంతమువరకు వచ్చిన పాత ఇనుప ఇంజను బండ్లలో చాలవాటికి గేరు కుడికాలి ప్రక్కను, వెనుక బ్రేకు ఎడమకాలి ప్రక్కను ఉండును. మొదటి గేరు పైకి, తక్కిన మూడును క్రిందికి. వీనిలో ఎడమపాదమునకు క్లచ్చి ఇయ్యవలెనన్నచో అచ్చట ఉన్న బ్రేకును ముందుగా కుడివైపునకు మార్చవలెను. బ్రేకును మార్చుటయనిన ఆషామాషీ పని కాదు. చట్రమునకు అడ్డముగా ఒక ఇరుసు దూర్చి, రెండు కొనల మీటలు బిగింపవలెను. ఆ ఇరుసు మెలిపడినను, మీట జారినను వెనుక బ్రేకు లేనట్లే. గేరు మీట కుడివైపున ఉన్నది గనుక రాడ్డును ఎడమచేతికి తేవలెనన్న దానికిని అడ్డ ఇరుసు కావలెను. కుడివైపుననే ఉంచినచో గేరు మార్చునపుడెల్ల ఏక్సిలరేటరును, ముందు బ్రేకును విడువవలెను. క్లచ్చి వైరు గేరుపెట్టెకు కుడివైపుననే చేరును. అచ్చటనుండి ఇరుసుగుండా ఒక సన్నని కడ్డీ ఎడమవైపున ఉన్న పళ్లెములను త్రోయును. ఎడమపాదపు పెడలు నుండి వైరును కుడివైపునకు తిప్పునపుడు మలుపులు విశాలముగా ఉండవలెను. ఇరుకు మలుపున వైరు పోగులు ఒక్కొక్కటిగా తెగును. తెగుట బయటికి కనబడదు.

అయినను పాత బుల్లెట్‌లో ఒక గొప్ప గుణము కలదు. గేరు మీట ప్రక్కన మరియొక చిన్న మీట ఉండును. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేనిలో ఉన్నను దానిని ఒక్కసారి నొక్కినచో బండి తిన్నగా న్యూట్రలునకు వచ్చును. కాలి క్లచ్చి బండికి ఇది వరమువంటిది. ఎందుకో ముందు తెలియును. గేరును చేతికి మార్చువారిలో కొందరు, ఈ చిన్న మీట అందమునకు అడ్డమని తీసివేయుదురు. తీయవలసిన వస్తువులలో అది కడపటిది.

తరువాతి తరపు బుల్లెట్‌లో గేరు ఎడమవైపునకును, బ్రేకు కుడివైపునకును వచ్చినవి. కట్టుటకు ఇది సులభము. గేరు మీట తీసి, ఆ చోట కురచ చేయి బిగించి, దానినుండి కడ్డీతో రాడ్డునకు కలిపినచో సరిపోవును. ఎడమపాదము ఖాళీ అయినది గనుక పెడలునకు చోటు దొరకును. కాని న్యూట్రలు మీట దీనికి లేదు. ఒకటవ గేరునకును రెండవ గేరునకును నడుమ సగము తాపున దానిని వెదకవలెను.

షెడ్డులో పని చేయువారు తెలిసికొనవలసిన కొలత ఒకటి చెప్పెదము. చేతి మీటతో క్లచ్చి వైరు సుమారు ఒక సెంటీమీటరు కదలినచో పళ్లెములు విడిపోవుననుకొందము. పాదము ఆరు సెంటీమీటర్లు నొక్కును. అట్లయిన పెడలు పొడవుచేయి 18 సెంటీమీటర్లుగను, వైరు తగిలించు కురచచేయి 3 సెంటీమీటర్లుగను ఉన్నచో లెక్క సరిపోవును. అయితే వ్రేళ్లకు లేని బలము కాలికి ఉన్నది. మనిషి బరువంతయు పెడలుపై పడినచో వైరు తెగును, లేదా లోపలి కడ్డీ వంగును. కావున పెడలు క్రింద గట్టి ఆపు బిళ్ల ఒకటి తప్పక ఉండవలెను. కాలి బలము దానిపై పడవలెను గాని వైరుపై పడరాదు. ఇరుసునకు ఇత్తడి బుష్ వేసి, కందెన పెట్టుటకు రంధ్రముంచి, నట్టునకు స్ప్లిట్ పిన్ను గ్రుచ్చవలెను. పోత ఇనుముతో పెడలు చేయరాదు. అది వంగదు, ఒక్కసారిగా విరుగును. రాడ్డు పిడి గుండ్రముగా, నిమ్మకాయకంటె పెద్దదిగా ఉండవలెను. మొనదేరిన పిడులను చూచి మురియువారు కలరు. బండి ప్రక్కకు ఒరిగినపుడు ఆ మొన కడుపులోనికో తొడలోనికో దిగును.

ఇంతవరకు చేతిపని. బండి చక్కగా తయారైనదనుకొందము. దానిని లంబసింగి ఘాటు ఎక్కించి చూతము. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలమున అచ్చటి మంచును చూచుటకు వచ్చు మోటారు సైకిళ్లు అసంఖ్యాకములు. మలుపు దగ్గర ఎదురుగా బస్సు వచ్చినది. మన బండి ఎక్కుడులో ఆగవలెను. మామూలు బండి నడుపువాడు క్లచ్చి నొక్కి, ఎడమపాదము నేల మోపి, కుడిపాదముతో వెనుక బ్రేకు త్రొక్కి నిలుచును. బస్సు పోయిన తరువాత క్లచ్చి మెల్లగా విడుచుచు, బ్రేకు వదలుచు సాగిపోవును. ఎడమపాదము కదలక నేలనే ఉన్నది.

కాలి క్లచ్చి బండిపై ఉన్నవానిని చూడుడు. మొదటి గేరులో ఉన్నాడు గనుక ఎడమపాదము క్లచ్చిపైనుండి తీయరాదు. తీసినచో స్ప్రింగు లాగును, బండి ముందుకు దుముకి బస్సు క్రిందికి పోవును. కుడిపాదము నేల మోపినచో వెనుక బ్రేకు ఉండదు. బ్రేకుపై ఉంచినచో నేలపై ఏ పాదమును లేదు. కాబట్టి కుడిపాదము మోపి, ముందు బ్రేకు ఒక్కదానితోనే బండిని పట్టవలెను. ఆ బ్రేకు పట్టిన కుడిచేయియే ఏక్సిలరేటరును కూడ త్రిప్పవలెను. కుడివైపున గులక ఉండి పాదము జారినచో బండి ఒరుగును. ఒరిగిన క్షణమున ఎడమపాదము తనంత తాను నేలకు పోవును. అది మనిషి స్వభావము, ఎవరును ఆపజాలరు. పాదము క్లచ్చిని విడిచినది, బండి లంఘించినది. ఇట్టి క్లచ్చికి అమెరికాలో సూసైడ్ క్లచ్ అను పేరు ఊరక రాలేదు. మడమతో నొక్కినచోట నిలిచిపోవు పాత పెడలునకు ఈ పేరు తగదు. స్ప్రింగు బలముతో తిరిగి వచ్చు పెడలునకే తగును. చూచుటకు రెండును ఒక్కటే. ప్రాణముల విషయమున రెంటికిని చాల దూరము.

ఇప్పుడు న్యూట్రలు విలువ తెలిసినది గదా! ఆగుటకు ముందే న్యూట్రలునకు రాగలిగినచో ఎడమపాదము విడుదలయగును. పాత గాళ్లపట్టీలో అది ఒక్క త్రోపు పని. పాత బుల్లెట్‌లో చిన్న మీట పని. నేటి తాపు గేరులో, చేతి రాడ్డుతో, కడ్డీల కీళ్లలో ఉండు వదులుతో, ఆ సగము తాపును ఎక్కుడులో వెదకి పట్టుట నేర్పరులకును కష్టమే. ఒంటిచేతితో హేండిలు పట్టి వెదకవలెనను సంగతి మరువరాదు.

కాలి క్లచ్చియు చేతి గేరును తమంతట చెడ్డవి కావనుటకు ఢిల్లీ నగరమే సాక్షి. రెండవ ప్రపంచ యుద్ధమున హార్లేవారు డబ్ల్యు.ఎల్.ఎ. మొదలగు సైనికపు బండ్లను 90,000 వరకు చేసిరి. సుమారు 740 ఘన సెంటీమీటర్ల ఇంజను, మూడు గేర్లు, చేతి రాడ్డు, కాలి క్లచ్చి. యుద్ధము ముగిసిన పిదప మిగిలిన బండ్లు మన దేశమున అమ్ముడుపోయినవి. ఢిల్లీలో వానికి వెనుక రెండు చక్రములు తగిలించి, ప్రయాణికులను ఎక్కించి, చాందినీ చౌక్‌కును కన్నాట్ ప్లేసుకును నడుమ దశాబ్దముల తరబడి నడిపిరి. వాని చప్పుడునుబట్టి జనులు ఫట్‌ఫటీలని పిలిచిరి. 1998లో సుప్రీంకోర్టు ఉత్తరువుల మూలమున అవి రోడ్డునుండి తొలగినవి. కిక్కిరిసిన బజారులో క్షణక్షణము ఆగుచు సాగుచు కాలి క్లచ్చితో అన్ని ఏండ్లు నడచుటకు కారణము, మూడు చక్రములు. బండిని నిలుపు పని పాదమునకు లేదు.

రెండు చక్రములమీదనే చేతి గేరు కావలెనని పట్టుబట్టువారికి ఒక మార్గము కలదు. క్లచ్చిని పాదమునకు ఈయక, గేరు రాడ్డు పిడికే సైకిలు బ్రేకు మీటవంటిది బిగించి, వైరును దానికి కలుపుట. రాడ్డును పట్టిన చేయియే మీటను నొక్కును, గేరు త్రోయును. స్కూటరు సూత్రమే మరియొక రూపమున. ఎడమపాదము నేలకు దక్కును. పాశ్చాత్య దేశములలో ఇట్లు కట్టినవారు కలరు. ఠీవికి లోటు లేదు. ఎక్కుడులో ఒంటిచేతి బాధ మాత్రము ఉండనే యుండును. కావున మలుపు రాకముందే గేరు మార్చుకొనవలెను.

ఇక చట్టము. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కర్మాగారమువారు మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని నిష్కర్షగా తీర్పు చెప్పినది. అదే సంవత్సరము చట్టమునకు చేసిన సవరణ వలన, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసములవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. శిక్ష యజమానికి. ఆ బండితో ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ చిక్కులు వేరు. కొడుకు షెడ్డులో బండి విప్పించుచున్నాడని తెలిసిన తండ్రి, రిజిస్ట్రేషను పత్రము తన పేర ఉన్నదా అని ఒకసారి చూచుకొనుట మంచిది.

అంగవైకల్యము గలవారికి చట్టము వేరు త్రోవ చూపినది. వారి వాడుకకై మార్చిన బండిని ప్రత్యేకముగ గుర్తించి అనుమతించును. వెనుక రెండు అదనపు చక్రములతో నడుచు స్కూటర్లను మనము ఊరూర చూచుచున్నాము. ఎడమచేతి పట్టు లేనివానికి కాలి క్లచ్చి, కాలు లేనివానికి చేతి గేరు నిజముగా అవసరమైనవే. గేరులేని స్కూటర్లు వచ్చిన తరువాత ఆ అవసరము చాలవరకు తగ్గినదను మాటయు నిజమే. అయినను మన మెకానిక్కుల నేర్పునకు ఇది పరువైన చోటు. రవాణా కార్యాలయమున ముందుగా అనుమతి పొంది పని మొదలుపెట్టవలెను. పని ముగించి అనుమతికి పోవుట తలక్రిందుల వ్యవహారము.

పాత చేతి గేరు బండి అసలు రూపమున దొరకినచో అది వేరు విషయము. 50 ఏండ్లు దాటి, మార్పులు లేక నిలిచిన బండ్లను పురాతన వాహనములుగ రిజిస్టరు చేయుటకు 2021 జులైలో నియమములు వచ్చినవి. వానికి వి.ఎ. అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య ఇత్తురు. ప్రదర్శనలకు, ర్యాలీలకు రోడ్డెక్కవచ్చును. నిత్యము సంతకు పోవుటకు కాదు.

చివరగా, అనుమతి పొంది కట్టిన బండి యగుగాక, పాతదానిని బాగుచేసినది యగుగాక, మొదటిసారి నడుపు తీరు. బండిని నడిమి స్టాండుపై నిలిపి, వెనుకచక్రము గాలిలో ఉంచి, గేర్లన్నియు ఇరువది సార్లు మార్చి చూడవలెను. న్యూట్రలు కన్ను మూసికొని పట్టగలుగువరకు దిగరాదు. ఆపైన కోతలైన చదును పొలమున, ఎవరును లేనిచోట, మొదటి గేరుననే కదలుట, ఆగుట. శిరస్త్రాణము లేక ఇంజను త్రొక్కరాదు. ప్రతి ఆగుడుకును న్యూట్రలు చేసి, తరువాతనే ఎడమపాదము తీయుట అలవాటు కావలెను. ఒక వారము గడచిన పిమ్మట చిన్న గట్టు వాలున, ప్రక్కన ఒక మనిషిని నిలుపుకొని, ఎక్కుడులో ఆగి మరల కదలి చూడవలెను. అచ్చట బండి ఒక్కసారి దుముకినను, ఒక్క జానెడు వెనుకకు జారినను, పెడలు ఆపు బిళ్లను, వైరు వదులును సరిచేసి మరల పొలమునకే తీసికొనిపోవలెను. కొండదారి ఎక్కడికిని పోదు.